తూము మూసిన తరవాత

మా అక్కయ్య నన్ను చూసి పకపకా నవ్విందంటే నేనేదో తెలివితక్కువ మాట అన్నానని అర్థం. ఆ మాఘమాసంలో వాళ్ళింటి వీధరుగు మీద కూర్చుని అల్లాగే నవ్వింది.

"మగవాడికి కు.ని. ఆపరేషనేమిట్రా, తమ్ముడూ! వాడు రేపు బస్తాలు ఎత్తాలా, నలుగురిలో తిరగాలా? ఒంట్లో ఉన్న పస కాస్తా పోతే ఆ సంసారం ఎవరు ఈదుతారు? లోకంలో ఆడవాళ్ళంతా చేయించుకోవటం లేదూ?"

మాట మా మేనల్లుడి గురించి. వాడికి ఎరువుల కొట్టు ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. రెండో కాన్పులో వాడి భార్యకు రక్తపు పోటు ఎంత పెరిగిందంటే, కడుపు కోసి బిడ్డను తీసి, తల్లి ప్రాణం దక్కితే చాలుననుకున్నారు డాక్టర్లు. ఆ గండంలో కుటుంబ నియంత్రణ మాట ఎత్తే తీరిక ఎవరికుంది? బిడ్డకు ఏడాది నిండింది. మూడో కాన్పు తలపెట్టవద్దని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఇక తేలవలసింది ఎవరు బల్ల ఎక్కాలన్నదే. రెండుసార్లు కడుపు కోయించుకున్న పిల్లను మళ్ళీ ఎక్కించటమా, మగవాడు పావుగంట పడుకుని లేచి రావటమా? ఇందులో తర్కానికి తావేమిటో నాకు కనపడలేదు. అక్కయ్యకు కనపడింది.

మేనల్లుడు పేపరు అడ్డం పెట్టుకుని అంతా విన్నాడు. రాత్రి భోజనాలయ్యాక నన్ను డాబా మీదికి తీసుకుపోయి మెల్లిగా అడిగాడు: "అమ్మ మాటలకేంగాని, నిజం చెప్పు మామయ్యా. తూము మూసేస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి? చెరువు గట్టు తెగదూ?"

రైతుల మధ్య మెలిగేవాడు గనుక వాడికి ఆ పోలిక తట్టింది. ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. నేను ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. అంతకు మించి, 1989లో, నాకు ముప్ఫైనాలుగేళ్ళప్పుడు, ఆ బల్ల ఎక్కినవాణ్ణి. ఈ సంగతి మా ఆవిడకు తప్ప మూడో మనిషికి తెలియదు. పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద గీతలు గీసి చూపించాను గాని, "ఇదిగో, ఈ గొట్టాలు నాకు తెగి ఉన్నాయి" అని పిల్లలతో అనగలనా? ఆ రాత్రి వాడితో అన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూశాడు, ఎక్కడైనా లోటు కనబడుతుందేమోనని కాబోలు.

వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. కొందరు ఇల్లాంటి విషయం ఇంటిల్లిపాదీ చదివే కాగితంలోనా అనవచ్చు. ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం మరెక్కడ రాయాలి?

వృషణం ఒకటే అయినా అందులో రెండు కార్ఖానాలున్నాయి. మొదటిది శుక్రకణాలను తయారుచేసేది. దారపు ఉండలాగా చుట్టుకుని ఉన్న సన్నని గొట్టాలు ఇందుకు నెలవు. ఒక్క వృషణంలోని గొట్టాలన్నీ విప్పి వరసగా పేరిస్తే వందల మీటర్ల పొడుగుంటాయి. వాటి గోడల్లో సెర్టోలి కణాలని దాదుల్లాంటివి ఉండి, పెరుగుతున్న శుక్రకణాలను సాకుతాయి. ఒక్కొక్క కణం తయారుకావటానికి ఇంచుమించు రెండున్నర నెలలు పడుతుంది. రోజుకు కోట్ల సంఖ్యలో తయారవుతాయి. అవి వృషణం వెనకనున్న ఎపిడిడిమిస్ అనే చుట్టల గొట్టంలోకి చేరి, అక్కడ ఈత నేర్చి, శుక్రవాహిక అనే నాళం గుండా పైకి పోతాయి. రెండోది ఆ గొట్టాల మధ్య సందుల్లో గుంపులు గుంపులుగా ఉండే లైడిగ్ కణాల కార్ఖానా. మీసం, గొంతు, కండ, కోరిక — మా అక్కయ్య 'పస' అన్నదంతా — ఈ కణాలు చేసే టెస్టోస్టిరోన్ అనే హార్మోను చలవ. ఈ హార్మోను నాళంలోంచి పోదు. పక్కనే పారుతున్న రక్తంలోకి తిన్నగా దిగిపోతుంది.

వేసెక్టమీలో డాక్టరు కోసేది ఆ శుక్రవాహికను మాత్రమే. రక్తనాళాల జోలికి పోడు, వృషణాన్ని ముట్టుకోడు. అంచేత రెండో కార్ఖానా సరుకుకు దారి ఎప్పటిలాగే ఉంటుంది. వీర్యం కూడా కంటికి తెలిసేటంత తగ్గదు. దానిలో చాలాభాగం పైనున్న వీర్యకోశాల నుంచీ, ప్రోస్టేట్ గ్రంథి నుంచీ వచ్చేదే. వృషణాల నుంచి వచ్చేది నూటికి అయిదు వంతులకు మించదు.

"మరి మొదటి కార్ఖానా మూతబడుతుందా?" అన్నాడు వాడు.

అదే అసలు ప్రశ్న. దీనికి జవాబు మొదట ఒక కుక్క చెప్పింది. లండనులో ఆస్ట్లీ కూపర్ అనే సుప్రసిద్ధ శస్త్రవైద్యుడుండేవాడు. ఆయన 1823లో ఒక కుక్కకు ఒకవైపు శుక్రవాహికను కట్టివేశాడు. రెండోవైపు నాళాన్ని వదిలి రక్తనాళాలను కట్టాడు. రక్తం అందని వృషణం కుళ్ళిపోయింది. నాళం కట్టిన వృషణం చెక్కుచెదరలేదు. కుక్కను ఆరేళ్ళు పెంచాడు. ఆడకుక్కలతో కలిసేది గాని వాటికి చూలు నిలిచేది కాదు. 1829లో కోసి చూస్తే కట్టు కిందనున్న నాళం నిండుగా ఉబ్బి ఉంది. వృషణం వృషణంలాగే ఉంది. కార్ఖానా మూతపడలేదన్నమాట!

ఇంత తేటగా తేలిన సంగతిని వందేళ్ళ తరవాత వియన్నాలో ఒక మహాశాస్త్రవేత్త తలకిందులు చేశాడు. ఆయన పేరు ఆయిగెన్ స్టైనాక్. నాళం కడితే శుక్రకణాలు చేసే గొట్టాలు ఎండిపోతాయనీ, ఆ ఖాళీలో హార్మోను కణాలు ఏపుగా పెరుగుతాయనీ, అందువల్ల ముసలివాళ్ళకు యౌవనం తిరిగి వస్తుందనీ ఆయన సిద్ధాంతం. ఎలకల మీద చేసి చూశానన్నాడు. ఇక 1920 ప్రాంతంలో ఐరోపాలో తల నెరిసిన పెద్దమనుషులు ఎగబడ్డారు. మనస్తత్వ శాస్త్రానికి కొత్తదారి వేసిన ఫ్రాయిడ్ అంతటివాడు 1923లో, దవడ కాన్సరు అదుపులోకి వస్తుందన్న ఆశతో, ఈ ఆపరేషను చేయించుకున్నాడు. మన రవీంద్రుని ఆంగ్ల గీతాంజలికి పీఠిక రాసిన యేట్సు కవి 1934లో, 69వ ఏట, లండనులో చేయించుకున్నాడు. తనకు కొత్త ఊపు వచ్చిందని గట్టిగా నమ్మాడు కూడా. ఆ చివరి అయిదేళ్ళలో ఆయన కలం చురుకుగా నడిచిన మాట నిజం. ఆ పుణ్యం కత్తిదా, నమ్మకానిదా అంటే నేను నమ్మకానిదే అంటాను. ఇద్దరూ 1939లోనే పోయారు.

మా అక్కయ్య ఆ ఆపరేషనుతో పస పోతుందన్నది. వియన్నా పండితుడు పస వస్తుందన్నాడు. ఇద్దరిదీ ఒకటే పొరపాటు! నాళం కట్టటానికీ, హార్మోనుకూ లేని ముడి పెట్టారు. చికాగోలో కార్ల్ మూర్ అనే ప్రొఫెసరు 1920ల్లోనే దీన్ని విప్పాడు. వృషణాలు ఒంటి లోపల కాకుండా బయట సంచిలో ఎందుకున్నాయంటే, శుక్రకణాల తయారీకి ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లదనం కావాలి. ఎలకల్లో అవి పొట్టలోకి జారిపోవటం మామూలే. ఆపరేషనులో అవి పైకి జారి అక్కడే చిక్కుకుంటే వేడికి గొట్టాలు పాడయ్యేవి. కట్టిన ముడి వల్ల కాదు. వృషణాలు సంచిలోనే ఉన్న జంతువుల్లో నాళం కట్టినా శుక్రకణాల తయారీ సాగుతూనే ఉంది.

"అయితే నీళ్ళు ఎక్కడికి పోతాయో చెప్పనేలేదు" అన్నాడు మేనల్లుడు. వ్యాపారస్థుడు; లెక్క తేలందే వదలడు.

నీళ్ళు ఇంకిపోతాయి. తయారైన శుక్రకణాలు ఎపిడిడిమిస్ లో నిలవబడి, ముదిరి, విచ్చిపోతాయి. శరీరంలో చెత్త ఎత్తే కణాలున్నాయి. అవి వచ్చి ఆ ముక్కలను మింగి జీర్ణం చేసుకుంటాయి. శుక్రకణమంటే మిల్లీమీటరులో ఇంచుమించు ఇరవయ్యో వంతు పొడుగుండే వస్తువు. కోట్ల కొద్దీ కలిపినా పిసరంత కాదు. కొన్నిచోట్ల గొట్టం చిట్లి కణాలు బయటికి ఊరి, వాటి చుట్టూ బఠాణీ గింజంత గడ్డ కడుతుంది. నాకు కుడివైపు అల్లాంటి గింజ ఒకటి చేతికి తగిలేది. రెండు నెలలు బెంగపడ్డాను. అది పీడనం తగ్గించే కవాటం లాంటిదేనని తరవాత తెలిసింది.

పీడనం అన్నాను గదా, ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఏమీ కాదు, ఏమీ కాదు అని ఊరడించేవాళ్ళ మీద నాకు నమ్మకం తక్కువ. తూము మూసిన చెరువుకు గట్టు తెగదుగాని గట్టు మీద బరువు పడుతుంది. 1985లో అమెరికా డాక్టర్లు ఇదివరకు ఆపరేషను చేయించుకుని, మళ్ళీ నాళాలు కలిపించుకోవటానికి వచ్చిన ఆరోగ్యవంతుల వృషణాల నుంచి చిటికెడు కండ తీసి, ఆపరేషను ఎరగనివారి కండతో పోల్చి చూశారు. శుక్రకణాలు తయారయ్యే గొట్టాల గోడలు రెట్టింపు మందమెక్కాయి. గొట్టాలు వెడల్పయ్యాయి. దాదుల్లాంటి సెర్టోలి కణాలూ, ఎదుగుతున్న శుక్రకణాలూ తగ్గాయి. నూటికి 23 మందిలో గొట్టాల నడుమ అక్కడక్కడ మచ్చకట్టి గట్టిపడిన కండ కనిపించింది. అల్లాంటి మచ్చలున్నవారికి నాళాలు కలిపినా సంతానం కలగటం అరుదైంది.

రక్తంలో మరో మార్పు వస్తుంది. శుక్రకణాలు పుట్టేది యౌవనంలో; అప్పటికే మన ఒంటి సైన్యం తనవాళ్ళెవరో పైవాళ్ళెవరో నేర్చుకుని కూర్చుంటుంది. అందుకే ప్రకృతి సెర్టోలి కణాలతో గోడ కట్టి వాటిని మరుగున ఉంచింది. ఆపరేషను తరవాత ముక్కలు బయటపడటంతో, సగానికి పైగా మగవాళ్ళలో తమ శుక్రకణాలకే విరుద్ధమైన పదార్థాలు రక్తంలో తయారవుతాయి. వీటివల్ల గుండె రక్తనాళాలు పూడుకుపోతాయేమోనని 1980 ప్రాంతంలో కోతుల మీద చేసిన ప్రయోగాలతో పెద్ద అలజడి పుట్టింది. 1984లో అమెరికాలో ఆపరేషను చేయించుకున్న పదివేల అయిదువందల మందికి పైగా మగవాళ్ళను, వాళ్ళకు ఈడైన మరి అంతమందితో జతకట్టి పోల్చి చూశారు. గుండె జబ్బు పెరగలేదు. ఆ కోతుల్లో కొన్నింటికి కొవ్వు ఎక్కువగా తినిపించారన్నది మనం మరిచిపోరాదు. ఇక నూటికి ఒకరిద్దరికి మాత్రం వృషణాల్లో పట్టు విడవని నొప్పి మిగులుతుంది. అది చిన్న సంగతి అని నేననను.

ఈ లోపలి మార్పులు కాపరానికి అడ్డురావు. పౌరుషానికీ అడ్డురావు. ఎక్కడ అడ్డొస్తాయంటే, తిరిగి రావాలనుకునేవాడి దారిలో.

మా కాలనీలో నాకు ఆప్తుడొకాయన ఉండేవాడు. ఒక్కగానొక్క కొడుకు చాలునని, పదమూడేళ్ళ కిందట చేయించుకున్నాడు. ఆ కొడుకు ఇంటరు చదువుతూ ఏట్లో ఈతకు దిగి తిరిగి రాలేదు. ఏడాది మైల తీరాక ఆయన నా దగ్గరికి వచ్చి, గోడకేసి చూస్తూ, "మాష్టారూ, తెగిన తాడు ముడివేసుకోవచ్చునటగా?" అన్నాడు. వేసుకోవచ్చును. ఎంతమందికి ఫలిస్తుందో 1991లో అమెరికాలో 1469 మందిని చూసి లెక్క కట్టారు. ఆపరేషను అయిన మూడేళ్ళలోపు కలిపించుకుంటే నూటికి 97 మందికి వీర్యంలో శుక్రకణాలు కనిపించాయి. 76 మంది భార్యలు గర్భవతులైనారు. తొమ్మిది నుంచి పధ్నాలుగేళ్ళు గడిస్తే కణాలు 79 మందిలో, గర్భం 44 మందికి. పదిహేనేళ్ళు దాటితే గర్భం 30 మందికే. మళ్ళీ చూడండి: దారి తెరుచుకున్నవారి సంఖ్య కొద్దిగా తగ్గితే, బిడ్డ కలిగినవారి సంఖ్య బాగా తగ్గింది. తూము తెరిచినా, గట్టూ చెరువూ పడ్డ కష్టం ఎక్కడికి పోతుంది? దానికి తోడు భార్యల వయసు.

ఆయన హైదరాబాదు వెళ్ళి కలిపించుకున్నాడు. నాలుగో నెలలో శుక్రకణాలు కనిపించాయి — పలచగా, నీరసంగా. ఆవిడకు నలభైరెండేళ్ళు. వృషణం లోంచి సూదితో కణాలను తీసి గర్భాశయం బయట అండంతో కలిపే పద్ధతి ఉందని డాక్టర్లు చెప్పారు. ఆ పద్ధతి వీలైందంటే లోపల కార్ఖానా నడుస్తూ ఉండటం వల్లనే గదా. కాని ఆవిడ, "ఇక చాలు. వాడికి బదులు ఇంకొకణ్ణి తేలేము" అన్నదట. నేను ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ మాట నా చెవిలో పడుతుంది.

ఇది కూడా మేనల్లుడికి దాచకుండా చెప్పాను. "మళ్ళీ కలిపించుకోవచ్చులే అన్న ఊహ మూల మూలల ఉన్నా నువ్వు బల్ల ఎక్కవద్దు" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నాకు పిల్లలకన్నా ముందు వాళ్ళమ్మ కావాలి, మామయ్యా. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో నేను చూసింది నువ్వు చూడలేదు" అన్నాడు. ఆ మీదట నేను చెప్పవలసింది లేకపోయింది.

అక్కయ్యను ఒప్పించటం వేరు కథ. ఆవిడ భయానికి చరిత్ర ఉంది. 1976-77లో ఒక్క ఏడాదిలో ఈ దేశంలో 82 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో దాదాపు 62 లక్షలు మగవాళ్ళవి. ఎంతోమందిని బెదిరించి, జీతాలు ఆపి, పట్టుకుపోయి చేశారు. అల్లా చేసిన పనికి మంచిపేరు ఎక్కడినుంచి వస్తుంది? మగవాళ్ళు బెదిరిపోయారు; భారమంతా ఆడవాళ్ళ మీద పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి 38 మంది ఆపరేషను చేయించుకున్నవారు. భర్తలు చేయించుకున్నది వెయ్యికి ముగ్గురు! మన ఆంధ్రప్రదేశ్ లో అయితే ఆడవాళ్ళు నూటికి ఇంచుమించు 70 మంది.

ఈ అంకెలు అక్కయ్యకు చెబితే, "అయితే అందరూ చేసేదే మంచిదన్నమాట" అన్నది. అప్పుడిక లాభం లేదని, మా ఆవిడ వంక ఒకసారి చూసి, అసలు సంగతి బయటపెట్టాను. అక్కయ్య నోట మాట లేదు. మా ఆవిడ కేసి తిరిగి, "నిజమేనా?" అన్నట్టు చూసింది. "నిజమే వదినగారూ" అని మా ఆవిడ తల దించుకుని, "మొన్న రైలు దిగాక మీ పచ్చడి జాడీలు రెండూ భుజాన వేసుకుని మేడెక్కించింది ఆయనే గదా" అన్నది. అక్కయ్య ఆ జాడీల బరువు మనసులో తూచుకున్నట్టుంది. ఇంకేమీ అనలేదు. ఆ పూట నాకు నెయ్యి మాత్రం ఎక్కువ వడ్డించింది.

వైశాఖంలో మేనల్లుడికి అయింది. మా రోజుల్లో కత్తితో రెండుచోట్ల కోసి కుట్లు వేసేవారు. ఇప్పుడు ఆ కోతా లేదు, కుట్టూ లేదు. 1974లో చైనాలో లీ షున్‌చ్యాంగ్ అనే డాక్టరు కనిపెట్టిన పద్ధతిలో మొనదేలిన చిమటాతో చర్మాన్ని పొడిచి, ఆ చిన్న రంధ్రంలోంచే నాళాలను పైకి తీసి పని ముగిస్తారు. మూడోనాడు వాడు కొట్టు తెరిచాడు. వారం దాకా బస్తా ముట్టుకోనివ్వలేదు వాడి భార్య.

ఒక్క విషయంలో మాత్రం వాణ్ణి వెంటబడి మరీ హెచ్చరించాను. నాకు చేసిన డాక్టరు, ఆయన పేరెందుకుగాని, "వారం పోతే మీ ఇష్టం" అన్నాడు. మా ఆవిడ నమ్మలేదు. నెలనాటికి పట్టుబట్టి పరీక్ష చేయించింది. కాగితం మీద "కదులుతున్న శుక్రకణాలు కలవు" అని ఉంది! కోతకు పైనున్న నాళంలో పాత సరుకు నిలవుంటుంది; అది ఖాళీ కావాలి. మూడు నెలలు ఆగి, పరీక్షలో కణాలు లేవని తేలేదాకా వేరే జాగ్రత్త మానరాదు. అల్లా తేలినవారిలోనూ రెండువేలమందిలో ఒకరికి తెగిన కొసలు వాటంతటవే కలుసుకున్న సందర్భాలున్నాయి.

శ్రావణ శుక్రవారంనాడు పొద్దున్నే మేనల్లుడు చొక్కా లోపల చిన్న సీసా పెట్టుకుని, లాబొరేటరీకి గంటలోగా అందించాలని గబగబా మెట్లు దిగుతున్నాడట. అక్కయ్య వాకిట్లో ముగ్గు వేస్తూ తలెత్తింది.

"తల్లి పూజకు పిలిస్తే రావుగాని, ఆ సీసా ఏమిట్రా? పసిపిల్లలా దాన్నల్లా గుండెకు హత్తుకున్నావు?"

వాడు, "తేనె" అన్నాడట. లోపల్నించి వాడి భార్య నవ్వు వినిపించిందట.

సాయంత్రం నాకు ఫోను చేశాడు. "మామయ్యా, సున్నా!" అన్నాడు. చదువుకునే రోజుల్లో లెక్కల్లో ఎన్నోసార్లు వచ్చినదే, ఇంత సంబరంగా చెప్పటం ఇదే మొదటిసారి.